ఖాళీగా ఉన్న అమ్మాయికి తీరిక ఏదీ?

మన గోదావరి జిల్లాల్లో పాతికేళ్ల లోపు అమ్మాయి గురించి ఎవరైనా “ఏం చేస్తుందండీ మీ అమ్మాయి?” అని అడిగితే తల్లులు చెప్పే జవాబు దాదాపు ఒకటే. “ఏం లేదండి, ఖాళీగానే ఉంది.” డిగ్రీ మధ్యలో ఆగిపోయినా, డిగ్రీ అయి ఉద్యోగం రాకపోయినా, సంబంధాలు చూస్తున్నా, చూసిన సంబంధం తప్పిపోయినా ఇదే మాట. అదే ఇంట్లో అదే వయసు అబ్బాయి గురించి అడిగి చూడండి. “ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నాడండి” అంటారు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివి, ఒకేలా సబ్జెక్టులు తప్పి, ఒకేలా ఇంట్లో కూర్చున్నా సరే, అబ్బాయి నిరుద్యోగి అవుతాడు, అమ్మాయి ఖాళీ అవుతుంది. నిరుద్యోగి మీద సమాజానికి జాలి ఉంటుంది, ప్రభుత్వానికి పథకాలుంటాయి. ఖాళీగా ఉన్నదాని మీద జాలిపడాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు. ఖాళీగా ఉంది కాబట్టి ఒక పని చెప్తారు, అంతే.

కొన్నాళ్లుగా ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ఊళ్లలో ఇలా ‘ఖాళీగా’ ఉండి తిరిగి కాలేజీలో చేరిన, చేరాలనుకుంటున్న అమ్మాయిలతో మాట్లాడుతున్నాను. వాళ్ల చదువు ఎందుకు ఆగిందన్న ప్రశ్న మీద మనం చాలా రాశాం. చదువు ఆగిన తర్వాత, మళ్లీ మొదలయ్యే లోపు ఆ మూడేళ్లు నాలుగేళ్లు వాళ్లు ఏం చేశారు, రోజు ఎలా గడిచింది, తమకోసం అంటూ చేసుకున్నదేమైనా ఉందా అన్న సంగతి మీద మనం పెద్దగా దృష్టి పెట్టలేదు. ఆ సంగతిలోనే అసలు చిక్కు ఉందని నా అభిప్రాయం.

కొల్లేటి లంక ఊళ్లో ఇరవై మూడేళ్ల అమ్మాయి రోజు చూద్దాం. తెల్లవారుజామున ఐదింటికి లేచి వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తుంది. చెరువు మీద కాపలాకు వెళ్లే తండ్రికి క్యారేజీ, తమ్ముడికి కాలేజీ బాక్సు కడుతుంది. చుట్టూ నీళ్లున్నా తాగడానికి పనికిరావు కాబట్టి టిన్ను నీళ్లు వచ్చే వేళకు గుమ్మంలో ఉండాలి. నాయనమ్మకు బీపీ మాత్ర, మధ్యాహ్నం చక్కెర మాత్ర గుర్తుపెట్టుకుని ఇవ్వాల్సింది ఈ అమ్మాయే. ఇంట్లో నాలుగక్షరాలు వచ్చినది కనక కరెంటు బిల్లు ఫోనులో కట్టడం, రేషన్ కార్డుకు ఈకేవైసీ, ఆధార్‌లో తప్పులు దిద్దించడం, తండ్రి చేపల మేత లెక్క రాయడం, అన్నీ ఆమెవే. అమ్మ డ్వాక్రా గ్రూపులో లీడరైతే మీటింగు మినిట్స్, పొదుపు పుస్తకం రాసేది కూతురే. (గ్రామీణ స్త్రీల సాధికారత గురించి మనం పెట్టే సభల్లో ఆ పుస్తకాల చేతిరాత ఎవరిదని ఎప్పుడైనా అడిగామా?) సాయంత్రం వీధి పిల్లలు నలుగురు పలకలు పట్టుకుని వస్తారు. వాళ్ల తల్లులు ట్యూషన్ ఫీజు ఇస్తే ఇస్తారు, లేకపోతే “మీ అక్క ఖాళీయేగా, చెప్తుందిలే” అని పంపిస్తారు. రాత్రి భోజనాలయ్యాక అంట్లు. ఆ తర్వాత చీరలకు ఫాల్ కుట్టడం, జాకెట్లకు హుక్కులు.

ఇంత చేసి ఆమె ఏమీ చేయనిదిగా లెక్కకెక్కుతుంది. ఈ మాట ఊళ్లోవాళ్లకే పరిమితం కాదు. 2017 నుంచి కేంద్ర గణాంక శాఖ చేస్తున్న శ్రామిక శక్తి సర్వేలో మనిషి చేసే పనికి ఒక కోడ్ ఇస్తారు. ఇంటి పని మాత్రమే చేసేవారికి 92. ఇంటి పనితో పాటు ఇంటి అవసరానికి కుట్టుపని, అల్లిక, వంటచెరకు ఏరుకురావడం వంటివి కూడా చేసేవారికి 93. ఈ రెండు కోడ్‌ల కిందకొచ్చే స్త్రీ శ్రామికశక్తిలో భాగం కాదు. అంటే ఆమెను పనిచేసే మనిషి కింద లెక్కపెట్టరు, నిరుద్యోగి కిందా లెక్కపెట్టరు. నిరుద్యోగ రేటు పెరిగిందనో తగ్గిందనో మనం పత్రికల్లో చదివే అంకెలో ఈ అమ్మాయి ఎక్కడా లేదు. మరోపక్క అదే గణాంక శాఖ 2019లో జనం ఏ పని మీద ఎంత సమయం గడుపుతున్నారో కొలిచింది. ఆరేళ్లు దాటిన ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం జీతం లేని ఇంటి పని చేస్తున్నట్టు తేలింది. అలా చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దాని మీద గడుపుతున్నారు. 2024లో మళ్లీ కొలిస్తే ఆ అంకెలు 289, 88. అయిదేళ్లలో స్త్రీల పని పది నిమిషాలు తగ్గిందని సంతోషించేవాళ్లు మగవాళ్లది తొమ్మిది నిమిషాలు తగ్గిందని కూడా గమనించాలి.

ఇక హాబీల సంగతి. పెళ్లి సంబంధాలకు పంపే బయోడేటాలో ఈ గడి తప్పకుండా ఉంటుంది. అమ్మాయి హాబీలు: వంట, ముగ్గులు, కుట్లు అల్లికలు, పాటలు వినడం. అబ్బాయి హాబీలు: క్రికెట్, ట్రావెలింగ్. అమ్మాయి గడిలో ఉన్న నాలుగింటిలో మూడు ఇంటికి పనికొచ్చేవే. సరదా కోసం, ఎవరికీ ఏ ప్రయోజనమూ లేకుండా, తన ఇష్టం కోసం చేసే పనిని కదా హాబీ అనాలి? ఆ లెక్కన ఆ గడిలో మిగిలేది పాటలు వినడమొక్కటే. అదీ అంట్లు తోముకుంటూ వింటుంది.

పనిని హాబీ అని పిలిస్తే ఎవరికి లాభమో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. గూడెం నుంచి సముద్రం వైపు వెళ్తే నర్సాపురం, పాలకొల్లు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడ ఇంటింటా ఉంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ స్త్రీల మధ్య పనిచేసి 1982లో ఒక పుస్తకం తెచ్చింది. అందులో ఆమె చూపించింది ఇదే. రోజుకు ఆరేడు గంటలు, ఎనిమిది గంటలు అల్లి, విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేసే స్త్రీలను వ్యాపారులూ, అధికారులూ, చివరకు ఇంట్లో మగవాళ్లూ కార్మికులు అనలేదు. ఇంటిపట్టున ఉండే గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అన్నారు. తీరిక పని కాబట్టి కూలి రేటు అడగకూడదు, సంఘం పెట్టకూడదు. లేసు అల్లే కులాల ఆడవాళ్లు గడప దాటకపోవడం గౌరవంగా చలామణి అయ్యింది. పొలంలో కూలికి వెళ్లే దళిత స్త్రీలకు వాళ్లకంటే ఎక్కువ డబ్బు వచ్చేదని కూడా మీస్ రాసింది. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకుకు గుర్తింపు వచ్చింది సరే. అల్లే చేతికి వచ్చిందా? ‘ఖాళీగా’ ఉన్న అమ్మాయి ఈనాడు మగ్గం వర్కు నేర్చుకుంటే, జాకెట్లు కుడితే “ఏదో కాలక్షేపానికండి” అని తల్లే చెప్పడం వింటే నలభై ఏళ్ల కిందటి ఆ పుస్తకం పాతబడలేదనిపిస్తుంది.

అందరి ‘ఖాళీ’ ఒకటి కాదన్నది మనం మర్చిపోకూడదు. నాలుగెకరాల చెరువున్న ఇంటి ఆడపిల్ల ఖాళీగా ఉండటం ఆ ఇంటికి పరువు. దళితవాడలోనో, వడ్డీల ఇంట్లోనో పుట్టిన అమ్మాయికి ఆ పాటి ఖాళీ కూడా దక్కదు. ఆమె రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది, నాట్లకు పోతుంది. ఆమె తిరిగి కాలేజీకి వెళ్తానంటే ఫీజుతో పాటు రోజు కూలి కూడా పోతుంది. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరిట అభయారణ్యం పరిధిలోని చేపల చెరువులు కొట్టేశారు. చెరువులు పోయినప్పుడు పెద్ద కామందుల సంగతి, వాళ్ల నష్టం సంగతి పత్రికల నిండా వచ్చింది. చెరువు పని మీద బతికిన ఇళ్లలో ముందుగా ఎవరి చదువు ఆగి ఉంటుందో మనకు తెలియనిది కాదు.

మగపిల్లల నిరుద్యోగాన్ని నేను తేలిక చేయడం లేదు. వాళ్ల బాధ వాళ్లది. కానీ వాళ్ల నిరుద్యోగానికి ఊళ్లో చోటుంది. ఏలూరులో కాలవ గట్టు మీద, గూడెంలో స్టేషను బయట టీ కొట్టు దగ్గర, గ్రంథాలయంలో పోటీపరీక్షల పుస్తకాల బల్ల ముందు, ప్రతి ఊళ్లో క్రికెట్ ఆడే ఖాళీ స్థలంలో వాళ్లు కనిపిస్తారు. రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చినా ఎక్కడికెళ్లావని ఎవరూ నిలదీయరు. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర గడిపితే అది సంప్రదాయమవుతుంది. పొయ్యి దగ్గర అరిసెలు వండే చెల్లెలు ఒక గంట ఫోను పట్టుకుంటే మాత్రం “ఎప్పుడూ ఆ ఫోనేనా” అని అందరూ అంటారు. ఆ ఫోనులో ఆమె ఏం చూస్తోందని నేను అడిగాను. వంటల వీడియోలు, చీరల వీడియోలు చూసేవాళ్లు ఉన్నారు. డీఎస్సీ పాఠాలు వినేవాళ్లున్నారు. సీరియల్ నవలలు ఫోనులోనే చదివేవాళ్లున్నారు. మారుపేరుతో కథలు రాసే అమ్మాయి ఒకతె ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఫోను లాక్కుంటారని భయం.

చలికాలంలో ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్తే గూడబాతులను చూడటానికి దూరం ఊళ్ల నుంచి కెమెరాలు పట్టుకొచ్చిన జనం కనిపిస్తారు. పక్కూళ్లో పుట్టి ఏ పిట్ట ఏ నెలలో దిగుతుందో, ఎక్కడ గూడు కడుతుందో తెలిసిన అమ్మాయి ఒక్కతే వెళ్లి ఒక పూట కూర్చుని చూడగలదా? “ఎందుకు ఒంటరిగా పోయావు, ఎవర్ని కలవడానికి పోయావు” అనే ప్రశ్న రాకుండా? ఆడపిల్ల కారణం లేకుండా బయట ఉండకూడదన్న నియమం ఎక్కడా రాసి లేదు గానీ రాసి ఉన్న చట్టాలకంటే గట్టిగా అమలవుతోంది. 2014–19 ప్రభుత్వం ‘బడికొస్తా’ పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. ఆనాడు సైకిలు ఎక్కి బడికెళ్లిన పిల్లలే ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. బడి అయిపోయాక ఆ సైకిలు ఎవరు తొక్కారో వాళ్లను అడగండి. తమ్ముడు తొక్కాడు, నాన్న చెరువు మీదికి తీసుకెళ్లాడు. ఆమెకు సైకిలు బడికి వెళ్లడానికి ఇచ్చారు గాని ఊరు తిరగడానికి ఇవ్వలేదు కదా!

అందుకే తిరిగి కాలేజీకి వెళ్లడమంటే ఈ అమ్మాయిలకు పట్టా ఒక్కటే కాదు. ఇంట్లోంచి బయటికి రావడానికి ఒక కారణం. బస్సులో కిటికీ పక్క గంటసేపు ఎవరికీ సమాధానం చెప్పనక్కర్లేకుండా కూర్చోవడం. లీజరు పీరియడ్‌లో చెట్టుకింద నవ్వుకోవడం. వీటిని చిన్న విషయాలని కొట్టిపారేసే పెద్దరికం మనలో కూడా ఉంది. ఒక అమ్మాయి ఏలూరులో పీజీలో చేరడానికి తాను చెప్పుకున్న కారణం ‘మధ్యాహ్నం పూట పని చెప్పేవాళ్లు లేని చోటు కావాలి’ అని. దీన్ని చదువు మీద శ్రద్ధ లేకపోవడంగా తీసుకునేవాళ్లు ఆమె ఇంట్లో ఒక మధ్యాహ్నం గడిపి మాట్లాడాలి.

తిరిగి వెళ్లే దారి మాత్రం సులువుగా లేదు. మన రాష్ట్రంలో డిగ్రీ చదువు 2015–16లో సెమిస్టర్ పద్ధతికి మారింది, 2020–21లో మళ్లీ మారింది, 2023–24లో సింగిల్ మేజర్ అయింది. 2019లో బీకాం మధ్యలో ఆపినామె ఇప్పుడు వస్తే తన పాత సబ్జెక్టులు కొత్త పద్ధతిలో ఎక్కడ ఇముడుతాయో చెప్పే మనిషి కోసం మూడు ఆఫీసుల చుట్టూ తిరగాలి. 2020లో వచ్చిన 77వ నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. పీజీ అంటే గ్రామాల ఆడపిల్లలకు ఇంటికి దగ్గరున్న ప్రైవేటు కాలేజీయే కనక ఆ దెబ్బ ఎవరికి తగిలిందో వేరే చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేకపోవడం మంచి పని. ఇంట్లో ఛార్జీలు అడగాల్సిన అవసరం పోవడం చిన్న స్వేచ్ఛ కాదు. కానీ బస్సు ఊళ్లోకి రావాలి కదా. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేట్లోకి వచ్చిపడ్డప్పుడు లంక ఊళ్లకు రాకపోకలే తెగిపోయాయి. అలాంటప్పుడు హాజరు శాతం తగ్గితే కారణం రాయించుకునే గడి కాలేజీ రిజిస్టరులో లేదు.

వీటన్నిటికంటే నాకు మింగుడుపడనిది ఒక కాగితం. చదువు మధ్యలో సంవత్సరాలు ఖాళీ వస్తే చాలా కాలేజీలు గ్యాప్ సర్టిఫికెట్ అడుగుతాయి. స్టాంపు పేపరు మీద నోటరీ ముందు ప్రమాణపత్రం ఇవ్వాలి. జిరాక్సు షాపుల్లో దాని నమూనా తయారుగా ఉంటుంది. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు నేను ఏ విద్యాసంస్థలోనూ చదవలేదు, ఏ ఉద్యోగమూ చేయలేదు, ఇంటి వద్ద ఖాళీగా ఉన్నాను అన్న అర్థంలో రాసి ఉంటుంది. మూడేళ్లు మంచం పట్టిన నాయనమ్మను ఎత్తి దించిన అమ్మాయి, ఊరి గ్రూపు లెక్కలన్నీ రాసిన అమ్మాయి, తాను ఏమీ చేయలేదని తన చేత్తో సంతకం పెట్టి ప్రమాణం చేసి కాలేజీలో అడుగుపెడుతుంది. అబ్బాయిలూ ఇదే కాగితం ఇస్తారు, నిజమే. వాళ్లలో చాలామంది విషయంలో అది నిజం కూడా.

ఈ కాగితం ఇచ్చేవాళ్లలో కొందరు 2019 తర్వాత గ్రామ వాలంటీర్లుగా పనిచేసినవాళ్లు. నెలకు 5,000 గౌరవ వేతనం మీద యాభై ఇళ్ల పింఛన్లు, సర్వేలు, దరఖాస్తులు మోశారు. అది ఉద్యోగం కాదు, సేవ అన్నారు. 2024 తర్వాత ఆ వ్యవస్థ కొనసాగలేదు. ఆ ఏళ్లు వీళ్ల చదువులో గ్యాప్ కింద మిగిలాయి. అంతకుముందు 2018 అక్టోబరులో నిరుద్యోగ యువతకు నెలకు వెయ్యి రూపాయల భృతితో ‘యువనేస్తం’ మొదలుపెట్టినప్పుడు అర్హత డిగ్రీ లేదా డిప్లొమా. చదువు మధ్యలో ఆగిన అమ్మాయికి నిరుద్యోగి అనే పేరు పొందడానికి కూడా పట్టా చాలలేదన్నమాట.

ఆగిన చదువును తిరిగి పట్టుకున్న ఆడవాళ్లు మనకు కొత్త కాదు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి వచ్చాక, ఇరవైల్లో, బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చుంది. బీఏకు ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్తే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. ఆనాటి వైస్ చాన్సలర్ సి.ఆర్. రెడ్డి. ఏలూరులో 1945లో మొదలైన కాలేజీకి ఉన్న పేరు ఆయనదే. దుర్గాబాయి తనలాంటి అమ్మాయిలను కూడగట్టి తామే హాస్టల్ నడుపుకునే ఏర్పాటు చేసింది. 1942లో లా పూర్తిచేసింది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తరఫున 1958లో, చదువు ఆగిపోయిన స్త్రీలకు తక్కువ కాలంలో చదువు పూర్తిచేయించే కోర్సులు పెట్టించింది కూడా ఆ అనుభవంతోనే. 1982లో మన దగ్గరే దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకుంది. దాని వల్ల ఎంతోమంది గృహిణులు పట్టభద్రులయ్యారు. ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు అన్న ఆ సౌకర్యంలోనే మన అమ్మాయికి ఇబ్బంది కూడా ఉంది. ఇంట్లో కూర్చుంటే చదవనిచ్చేదెవరు? క్లాసులేమో ఆదివారాలు. మాంసమో చేపలో వండి, చుట్టాలొస్తే మర్యాద చేసి, వారం బట్టలన్నీ ఉతికే రోజు ఆదివారమే.

భారతదేశం 1993లో ఆమోదించిన సీడా ఒప్పందాన్ని మనం హింస గురించి, ఆస్తి గురించి తరచూ ఉదాహరిస్తాం. చదువు మధ్యలో ఆపిన బాలికలకు, స్త్రీలకు ప్రత్యేక కార్యక్రమాలు ఏర్పాటుచేయాలని దాని 10వ అధికరణంలో ఉంది. వినోదంలో, క్రీడల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు 13వ అధికరణంలో ఉంది. ఈ రెండో దాని మీద మన సంస్థలు పెట్టిన సభ నాకు ఒక్కటీ గుర్తులేదు. ఆకలి, అత్యాచారం, వరకట్నం ముందు సరదా గురించి మాట్లాడితే బాగుండదనుకున్నాం. ఫలితంగా ఖాళీగా ఉన్న అమ్మాయిలకు మనం ఇస్తున్నది కుట్టుమిషన్ శిక్షణ, బ్యూటీషియన్ శిక్షణ, బేకరీ శిక్షణ. ఇల్లు ఆమె సమయాన్ని పనితో నింపుతున్నట్టే మనమూ నింపుతున్నాం. మండల కేంద్రంలో ఒక గది తీసి, అక్కడ పుస్తకాలు, ఒక క్యారమ్ బోర్డు పెట్టి, రెండు గంటలు ఎవరూ ఏమీ నేర్పకుండా వదిలేయమంటే నిధులిచ్చే సంస్థలు ఒప్పుకోవని కార్యకర్తలు అంటారు. అడిగి చూడనిదే ఆ మాట ఎలా చెప్పగలం? గ్రంథాలయాల్లో సాయంత్రం ఏడు దాకా అమ్మాయిలు కూర్చోవాలంటే వీధిదీపం, మరుగుదొడ్డి, చివరి బస్సు ఉండాలి. ఈ మూడూ అడగడానికి నిధులు కూడా అక్కర్లేదు.

గ్యాప్ సర్టిఫికెట్ విషయానికి వస్తే, ఆ కాగితమే వద్దని కొందరు అంటున్నారు. సర్టిఫికెట్ల మోసాలు ఉన్నంతకాలం కాలేజీలు దాన్ని వదలవు. కానీ అందులో రాసే మాట ఎవరూ చట్టంలో రాయలేదు. ‘ఖాళీగా ఉన్నాను’ అన్న చోట ‘ఇంటి బాధ్యతలు నిర్వహించాను, వృద్ధుల సంరక్షణ చూశాను, కుట్టుపని చేశాను’ అని ఆమె చేసినదేదో అది రాసుకునే వీలుండాలి. ఏలూరులో ఇద్దరు మహిళా న్యాయవాదులు అలాంటి నమూనా ఒకటి రాసిపెట్టడానికి ఒప్పుకున్నారు. దాన్ని జిరాక్సు షాపుల్లో, నోటరీల దగ్గర పెట్టించడం, ప్రిన్సిపాళ్లకు ముందే చూపించి అభ్యంతరం లేదనిపించుకోవడం, నన్నయ విశ్వవిద్యాలయానికి అర్జీ ఇవ్వడం, ఇవన్నీ ఈ ఏడాది అడ్మిషన్లు మొదలయ్యేలోపు మన జిల్లా సంఘాలు చేయగలిగిన పనులు.